శిలువలన్నీ ఒకే ఎత్తు

రాల్బిట్స్ శ్మశానంలో శిలువలన్నీ ఒకే ఎత్తు. తెల్లరంగు వేసిన చెక్క శిలువలు, ఒకదాని పక్కన ఒకటి, వరుసలు తీరి ఉంటాయి. పాలరాతి సమాధులు లేవు. దేవదూతల బొమ్మలు లేవు. ఇంటిపేరుతో కంచె వేసుకున్న కుటుంబ స్థలాలూ లేవు. చనిపోయిన క్రమంలోనే పాతిపెడతారు. ముందు పోయినవాళ్ళు ముందు, తర్వాత పోయినవాళ్ళు వాళ్ళ పక్కన. భూమి ఉన్న రైతు పక్కన పాలేరు, అతని పక్కన ఏ సంబంధమూ లేని ఒక ముసలామె. భర్త ఒక వరుసలో ఉంటే, ఇరవై ఏళ్ళ తర్వాత పోయిన భార్య ఇంకో వరుసలో ఎక్కడో ఉంటుంది.

ఈ ఊరు జర్మనీ తూర్పు అంచున, శాక్సనీ రాష్ట్రంలో, లుసేషియా అనే ప్రాంతంలో ఉంది. ఇక్కడివాళ్ళు సోర్బులు. వెయ్యేళ్ళకు పైగా జర్మన్ల మధ్య బతుకుతున్న స్లావిక్ జాతి. సంఖ్య 60 వేలని సాధారణంగా చెప్తారు కానీ, ఇంట్లో రోజూ ఆ భాష మాట్లాడేవాళ్ళు అంతకంటే బాగా తక్కువ. శాక్సనీలోది ఎగువ సోర్బియన్, బ్రాండెన్‌బుర్గ్‌లోది దిగువ సోర్బియన్. రెండూ వేర్వేరు సాహిత్య భాషలు. ఊరి బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి. జర్మన్‌లో రాల్బిట్స్, సోర్బియన్‌లో రాల్బిట్సి.

ఈ శ్మశానాన్ని చూసినవాళ్ళంతా ఒకే మాట అంటారు, మృత్యువు ముందు అందరూ సమానమని. యాత్రికుల కరపత్రాల్లో ఉండేదీ అదే. లైప్‌జిగ్‌లో పరిశోధన పని మీద ఉన్న కొద్ది నెలల్లో నేను రెండుసార్లు ఆ వైపు వెళ్ళాను. మొదటిసారి నాకూ ఆ మాటే నచ్చింది. పైగా ఒక స్త్రీవాదిగా మరో సంతోషం. చచ్చాక కూడా భర్త పక్కన చోటు కోసం ఎదురుచూడక్కర్లేని ఆడవాళ్ళు! ఏ రాజ్యమూ, ఏ ఉద్యమమూ ఇవ్వని ఏర్పాటు ఒక చిన్న క్యాథలిక్ పల్లె ఇచ్చింది కదా అనిపించింది.

అయితే శ్మశానాన్ని కూడా ఒక పాఠంగానే చదవాలి. చెక్క ఎత్తు ఒకటే అయినా, చెక్క మీద రాసిన పేర్లు వేరు. సోర్బియన్ భాషలో ఇంటిపేరుకి లింగం ఉంది. ఒకాయన పేరు నొవాక్ అనుకుందాం. అతని భార్య నొవాకోవా. కూతురు, పెళ్ళయ్యేదాకా, నొవాకెట్స్. నొవాక్ ఎప్పుడూ నొవాకే. అతను బ్రహ్మచారా, సంసారా, విధురుడా అనేది పేరు చెప్పదు. ఆమె పేరు మాత్రం, చివరి అక్షరం దగ్గరకొచ్చేసరికి, ఆమె ఎవరి తాలూకో చెప్పేస్తుంది. ప్రత్యయం తెలిసినవాళ్ళు ఆ వరుసల వెంట నడుస్తూ పోతే ఎవరు భార్య, ఎవరు పెళ్ళికాని కూతురు అన్నది చదువుకుంటూ పోవచ్చు. భర్త పక్కన పడుకోకపోయినా, పేరులో అతను ఆమె వెంటే ఉన్నాడు.

దీన్ని చూసి పెద్ద ఆశ్చర్యపోయే హక్కు మనకు లేదు. రేషన్ కార్డు నుంచి ఓటరు జాబితా వరకు మనం డాటర్ ఆఫ్, వైఫ్ ఆఫ్‌లమే. పెళ్ళి కాగానే ఇంటిపేరు మారాలా వద్దా అన్నదాని మీద మన పత్రికల్లో ఎంత చర్చ జరిగిందో పాఠకులకు తెలుసు. అక్కడ తేడా ఏమిటంటే, ఆ పని దరఖాస్తు ఫారం కాక వ్యాకరణమే చేస్తుంది.

వ్యాకరణం అన్నాను కాబట్టి ఇంకొక్క మాట. బాలవ్యాకరణం చదువుకున్నవాళ్ళకు మహత్తు, అమహత్తు గుర్తుండే ఉంటుంది. తెలుగులో ఏకవచనంలో పురుషుడే మహత్తు. స్త్రీ పశువులతో, వస్తువులతో కలిసి ‘అది’ వైపు పోతుంది. బహువచనంలోకి వచ్చేసరికి ‘వారు’ అయి మనిషి కోవలో చేరుతుంది. ఎగువ సోర్బియన్‌లో సరిగ్గా తిరగేసి ఉంది. ఏకవచనంలో స్త్రీకి తన లింగం తనకుంది. బహువచనంలో మాత్రం మగమనుషులకు ఒక రూపం, మిగతా అన్నిటికీ ఇంకో రూపం. మంచి మగవాళ్ళు ఒక వైపు. మంచి ఆడవాళ్ళు, మంచి గుర్రాలు, మంచి పుస్తకాలు ఇంకో వైపు. ఒంటరిగా ఉన్నప్పుడు మనల్ని మనుషుల్లోంచి తీసేసే భాష ఒకటి, గుంపుగా ఉన్నప్పుడు తీసేసే భాష ఇంకొకటి. ఏది నయమో మీరే చెప్పండి.

ఇంతవరకు నా వాదన సాఫీగానే నడిచింది. శ్మశానంలో సమానత్వం, వ్యాకరణంలో పితృస్వామ్యం. ఒక సెమినార్ పత్రానికి ఇది సరిపోతుంది. కానీ 2023లో నేను ఆ ఊళ్ళవైపు వెళ్ళినప్పుడు పరిచయమైన ఒక పెద్దావిడ దీన్ని అంత సాఫీగా ఉండనివ్వలేదు. ఆమె బడిలో పని చేసి రిటైరయ్యారు. ఇద్దరం నాకొచ్చిన కొద్దిపాటి జర్మన్‌లోనే మాట్లాడుకున్నాం. ‘ఓవా’ గురించి నా అభ్యంతరం ఓపిగ్గా విన్నారు. విని, “అమ్మాయీ, ప్రభుత్వ కాగితాల్లో నేను మగవాణ్ణి, తెలుసా?” అన్నారు.

నిజమే. జర్మన్ చట్టంలో ఇంటిపేరుకి లింగం లేదు. పాస్‌పోర్టులో, పెన్షన్ పుస్తకంలో, ఆస్పత్రి చీటీలో ఆమె తన భర్త పేరుని మగరూపంలోనే మోయాలి. జర్మన్ చెవికి అది మామూలు ఇంటిపేరు. సోర్బియన్ చెవికి మాత్రం ఒక ఆడమనిషికి మగపేరు పెట్టినట్టు. చర్చిలో, సోర్బియన్ పత్రికలో, ఇరుగుపొరుగులో ఆమె ‘ఓవా’. కౌంటరు దగ్గర కాదు. “మా అమ్మ సమాధి మీద నాకు తెలిసిన పేరు రాశారు. ఆమె బతికుండగా ఏ ఆఫీసులోనూ ఆ పేరు రాయలేదు” అన్నారావిడ.

అప్పటిదాకా నేను పితృస్వామ్యం జాడ అని గుర్తుపెట్టుకున్న అక్షరాలు ఆమెకు భాషాహక్కు. నేను వదిలించుకోవాలనుకునేది ఆమె సంపాదించుకోవాలనుకుంటున్నది. జర్మనీలో పేర్ల చట్టానికి చేసిన సవరణ 2025 మే 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సోర్బ్ స్త్రీలు ఇప్పుడు అధికారికంగానే తమ పేరు స్త్రీరూపం పెట్టుకోవచ్చు. అక్కడికి కొద్ది గంటల ప్రయాణంలో, సరిహద్దు అవతల చెక్ దేశంలో, స్త్రీలు దీనికి పూర్తిగా ఎదురు దిక్కున పోరాడారు. ‘ఓవా’ వద్దనుకునే హక్కు కోసం. 2022 జనవరి నుంచి అక్కడ ఏ స్త్రీ అయినా కారణం చెప్పకుండానే ఆ ప్రత్యయం లేని పేరు ఎంచుకోవచ్చు. రెండు చెల్లెలి భాషలు, ఒకే ప్రత్యయం, మూడేళ్ళ తేడాతో రెండు చట్టాలు. ఒకరికి అది తీసేయడం విముక్తి, ఇంకొకరికి అది చేర్చుకోవడం. చెక్ స్త్రీకి సొంత రాజ్యం ఉంది, భాష పోతుందన్న భయం లేదు కాబట్టి ప్రత్యయంతో తీరిగ్గా పోట్లాడగలదు. సోర్బ్ స్త్రీ భాషని ముందు నిలబెట్టుకుని, తర్వాత దానితో తగువు పెట్టుకోవాలి. ఈ ‘తర్వాత’ అన్న మాట మనకు కొత్తది కాదు. ముందు విప్లవం, తర్వాత స్త్రీలు. ముందు రాష్ట్రం, తర్వాత స్త్రీలు. కాబట్టి ఆ క్రమాన్ని ఒప్పుకోవడం నాకు కష్టమే. అయినా ఆవిడ ముందు కూర్చుని, ‘మీకు కావలసిన పేరు మీకు మంచిది కాదు’ అని చెప్పగల స్త్రీవాదం నాకు వద్దు.

కవయిత్రి రోజా దొమాష్‌ట్సినా 1951లో పుట్టింది ఈ రాల్బిట్స్ పక్కనున్న చిన్న పల్లెలోనే. సోర్బియన్‌లోనూ జర్మన్‌లోనూ రాస్తుంది. కవిగా స్థిరపడకముందు బొగ్గు గనుల రంగంలో ఉద్యోగం చేసింది. ఆమె పేరు చివర ఉన్నదీ స్త్రీ ప్రత్యయమే. ‘అ’తో ముగిసే ఇంటిపేర్లకు వచ్చే భార్యరూపం. జర్మన్ పుస్తకాల అట్టల మీద కూడా ఆ రూపంతోనే ఆమె పేరు అచ్చవుతుంది. చట్టం ఒప్పుకోకముందే పుస్తకం అట్ట ఒప్పుకుంది.

ఇక రాదిబోర్ సంగతి. బౌట్సెన్‌కి ఉత్తరాన ఉన్న ఈ ఊరు రాల్బిట్స్‌కి పూర్తిగా భిన్నం. రాల్బిట్స్‌లో ఎవరినీ ప్రత్యేకంగా తలుచుకోరు. రాదిబోర్ (సోర్బియన్‌లో రాద్వోర్) ఇద్దరిని ప్రత్యేకంగా తలుచుకోవలసిన ఊరు. ఇద్దరినీ నాజీలే పొట్టన పెట్టుకున్నారు.

ఒకరు అలోయిస్ ఆంద్రిట్స్కి. 1914లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. 1939లో క్యాథలిక్ మతగురువు అయ్యాడు. 1941లో అరెస్టు చేసి దహావ్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1943 ఫిబ్రవరి 3న, టైఫస్‌తో మంచం పట్టి ఉన్నవాడిని విషపు ఇంజక్షన్ ఇచ్చి చంపారు. 2011 జూన్ 13న డ్రెస్డెన్‌లో చర్చి అతన్ని పునీతులకు ఒక మెట్టు కింద, ధన్యుడిగా ప్రకటించింది. సోర్బుల్లో ఆ గౌరవం పొందిన మొదటివాడు.

రెండోవారు డాక్టర్ మరియా గ్రోల్‌మూస్. సోర్బియన్‌లో మార్యా గ్రోల్ముసెట్స్. చివర ‘ఎట్స్’ చూశారు కదా, పెళ్ళి చేసుకోలేదు. 1896లో లైప్‌జిగ్‌లో పుట్టింది. తండ్రి సోర్బ్, ఉపాధ్యాయుడు. ఆమె కూడా కొంతకాలం బడిలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత విశ్వవిద్యాలయంలో చేరింది. గ్యోరెస్ అనే పందొమ్మిదో శతాబ్దపు క్యాథలిక్ చింతకుడికీ ప్రజాస్వామ్యానికీ ఉన్న సంబంధం మీద డాక్టరేట్ చేసింది. పత్రికల్లో రాసేది. క్యాథలిక్ రాజకీయాల నుంచి సోషల్ డెమొక్రాట్ల దగ్గరకు, అక్కడ నుంచి ఇంకా ఎడమకు నడిచింది. అయితే విశ్వాసాన్ని వదల్లేదు. హిట్లర్ వచ్చాక రాదిబోర్‌లో ఉంటూ, దగ్గర్లోని చెకోస్లొవాకియా సరిహద్దు మీదుగా రహస్య సాహిత్యం తెప్పించడం, ప్రమాదంలో ఉన్నవాళ్ళను అటు దాటించడం చేసింది. 1934 నవంబర్‌లో అరెస్టయింది. ఆరేళ్ళ కఠిన శిక్ష వేసి వాల్డ్‌హైమ్ జైలుకి పంపారు. సహకరిస్తే వదిలేస్తామన్న బేరానికి ఆమె ఒప్పుకోలేదని ఆమె జీవిత కథనాలు చెప్తాయి. శిక్ష పూర్తయ్యాక ఇంటికి పంపలేదు, రావెన్స్‌బ్రూక్ మహిళా శిబిరానికి పంపారు. 1944 ఆగస్టు 6న అక్కడే చనిపోయింది. ఆమె సమాధి రాదిబోర్‌లో ఉంది. ఊళ్ళోని సోర్బియన్ బడికి ఆమె పేరే, ‘డాక్టర్’తో సహా.

సోర్బియన్‌లో మన సంస్కృతంలో లాగా ద్వివచనం ఉంది, బతికే ఉంది. ఇద్దరి గురించి మాట్లాడితే సర్వనామం వేరు, క్రియ వేరు. అయినా ఈ ఇద్దరినీ కలిపి ద్వివచనంలో చెప్పిన వాక్యం నాకు ఎక్కువగా ఎదురుపడలేదు. తూర్పు జర్మనీ ఉన్నన్నాళ్ళూ మరియా ముందుకొచ్చింది. ఫాసిస్టు వ్యతిరేకి, కమ్యూనిస్టుల మిత్రురాలు, సోర్బ్, పైగా స్త్రీ. ఆ రాజ్యానికి ఇంతకంటే ఏం కావాలి? బళ్ళకూ వీధులకూ ఆమె పేరు పెట్టారు. కానీ ఆమె ప్రార్థన చేసుకునే స్త్రీ అన్న సంగతి ఆ కథకు ఇబ్బంది. 1990 తర్వాత ఆ రాజ్యం పోయింది, చర్చి స్వరం పెరిగింది, ఆంద్రిట్స్కి ముందుకొచ్చాడు. ఇప్పుడు మరియా సోషలిజం ఇబ్బంది. విభజన పూర్తిగా ఇంత గీత గీసినట్టు లేదులెండి. బడికి ఆమె పేరు అలాగే ఉంది, అది చిన్న విషయం కాదు. అయినా మొత్తం మీద జరిగిందిదే అనిపిస్తుంది. మగవాడి మరణం ఒక సంస్థకి చెందింది. ఆ సంస్థ రెండు వేల ఏళ్ళదిగా, ఇకముందూ ఉండేదిగా అతన్ని మోస్తోంది. ఆమె మరణాన్ని మోసిన రాజ్యం నలభై ఏళ్ళకే కూలిపోయింది. ఇటు విశ్వాసి, అటు సోషలిస్టు, ఎవరి భార్యా కాని మేధావి. పూర్తిగా మాదే అని చెప్పుకునే సంస్థ ఏదీ ఆమెకు మిగల్లేదు.

బడి పేరు కూడా ఎంత గట్టి స్మారకమో చూడాలి. పక్కనే ఉన్న క్రోస్ట్‌విట్స్‌లో 2001లో సోర్బియన్ మాధ్యమిక పాఠశాల అయిదో తరగతికి 17 మంది పిల్లలే వచ్చారని, 20 మంది లేరని ప్రభుత్వం తరగతి తీసేసింది. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. రిటైరైన ఉపాధ్యాయులు వచ్చి కొన్ని వారాలు పాఠాలు చెప్పారు. లుసేషియా అంతా వాళ్ళ వెనక నిలబడింది. 2003లో ఆ పాఠశాల మూతపడింది. రాయి వానకీ ఎండకీ ఉంటుంది, బడి ఉండాలంటే పిల్లలు పుట్టాలి. ఆ పిల్లల్ని కని, ఆ భాషలో జోలపాడి, బడికి పంపాల్సిన బాధ్యత ఎవరి మీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. అల్పసంఖ్యాక భాషలన్నిటికీ మాతృభాష అన్న మాట ఎంత ముద్దో అంత బరువు.

ఇక్కడ ఒక పెద్ద స్త్రీ సంస్థ గురించి చెప్పకపోతే అన్యాయం. 1248లో స్థాపించిన మారియెన్‌స్టెర్న్ సన్యాసినుల మఠం ఈ ఊళ్ళ మధ్యే, పాన్ష్‌విట్స్-కుకావ్‌లో ఉంది. ఇప్పటికీ అక్కడ సన్యాసినులు ఉన్నారు. మతసంస్కరణ కాలంలో చుట్టూ అంతా ప్రొటెస్టెంట్ అయిపోతే, మఠం క్యాథలిక్‌గానే నిలబడింది. దాని కింది పల్లెలూ అలాగే నిలబడ్డాయి. ఈనాటికీ పిల్లలు వీధిలో సోర్బియన్ మాట్లాడేది చాలావరకు ఆ క్యాథలిక్ ఊళ్ళలోనే. ఒక భాష బతికిందంటే దానికి ఒక కారణం, శతాబ్దాల పాటు ఆడవాళ్ళు పాలించిన ఎస్టేటు. ఇది చెప్పగానే మనలో ఒక ఉత్సాహం వస్తుంది. కానీ మఠాధిపతి ఆ రైతుల పాలిట జమీందారు కూడా. సోర్బ్ రైతులు ఆమె భూముల్లో వెట్టి చేసినవాళ్ళు. స్త్రీ అధికారం అనగానే పొంగిపోయే అలవాటు మనం మానుకోవాలని నాకెప్పటినుంచో ఉంది. రుద్రమదేవి విషయంలోనూ ఈ మాట అని తిట్లు తిన్నాను.

ఊళ్ళ మధ్య దారుల్లో, పొలాల గట్ల మీద అడుగడుగునా శిలువ స్తంభాలు కనిపిస్తాయి. ఈస్టర్ నాడు టోపీలు పెట్టుకుని గుర్రాల మీద ఊరినుంచి ఊరికి పాడుకుంటూ వెళ్ళే ఊరేగింపు ఈ ప్రాంతానికి పెద్ద పండుగ. స్వారీ చేసేది మగవాళ్ళే. గుర్రాల అలంకారం, రిబ్బన్లు, ఇంటికొచ్చిన రౌతులకు భోజనాలు ఆడవాళ్ళవి. ఫొటోల్లో గుర్రాలుంటాయి.

దిగువ సోర్బియన్ వైపు, బుర్గ్ అనే ఊళ్ళో ఇంకో విచిత్రం ఉంది. సోర్బుల పాత రాజు ఉండేవాడని కథలు చెప్పుకునే గుట్ట మీద జర్మన్ సామ్రాజ్య నిర్మాత బిస్మార్క్ పేరిట ఇటుకల గోపురం కట్టారు. 1917లో పూర్తయింది. ఆ ఏడే ఆ ఊరి అమ్మాయి ఒకతె, బెర్లిన్‌లో పూలకొట్టులోనూ, యుద్ధం వచ్చాక మందుగుండు ఫ్యాక్టరీలోనూ పని చేసి, తిరిగొచ్చి పొలం కూలికి వెళ్ళింది. ఆమె మినా విట్కోయిట్స్, తర్వాత దిగువ సోర్బియన్‌లో అతి ముఖ్యమైన కవి. 1923 నుంచి పత్రిక నడిపింది. నాజీలు ఆమె రాతను నిషేధించారు, తర్వాత ఆ ప్రాంతంలోనే ఉండకూడదన్నారు. 1975లో పోయింది. ఆ ఊరి బడికీ ఆమె పేరే. పేరు చివర ‘ఓయిట్స్’ అన్నది దిగువ సోర్బియన్‌లో పెళ్ళికాని కూతురి గుర్తు. 82 ఏళ్ళు బతికిన కవి, వ్యాకరణం ప్రకారం, చివరిదాకా ఒకరి కూతురే. మరియా కూడా అంతే.

మరియా గ్రోల్‌మూస్ దగ్గరకు ఇంకొక్క విషయానికి వెనక్కి రావాలి. ఆమె గురించి రాసినవాళ్ళంతా మొదలుపెట్టేది రావెన్స్‌బ్రూక్‌తో. అది సహజమే, ఆ మరణం పెద్దది. కానీ ఆమె డాక్టరేట్‌కు ముందే, 1925లో, ఒక చిన్న పుస్తకం అచ్చు వేసింది. పేరు ‘స్త్రీ, నవ ప్రజాస్వామ్యం’ అని అనువదించుకోవచ్చు. జర్మన్ స్త్రీలు మొదటిసారి ఓటు వేసింది 1919 జనవరిలో. అంటే ఓటు వచ్చిన ఆరేళ్ళకు, దానితో స్త్రీలు ఏం చేశారు, రాజకీయాలు స్త్రీలతో ఏం చేశాయని లెక్క చూసుకోవాలని ఒక ఇరవై తొమ్మిదేళ్ళ క్యాథలిక్ సోర్బ్ స్త్రీ అనుకుంది. ఆ ప్రజాస్వామ్యానికి ఆయుష్షు ఇంకా ఎనిమిదేళ్ళే ఉందని అప్పుడు ఎవరికీ తెలియదు. అమరవీరురాలిగా ఆమెకు బడి ఉంది, సమాధి ఉంది. రచయిత్రిగా ఆమెకు కావలసింది ఇంకా ఎవరూ కట్టలేదు. ఆ పుస్తకాన్ని జర్మన్ వచ్చిన మనవాళ్ళెవరైనా తెలుగు చేస్తే, అట్ట మీద ఆమె పేరు ఏ రూపంలో వేయాలన్నది మనం కూర్చుని తేల్చుకోవాల్సి ఉంటుంది. నా మట్టుకు నేను ‘గ్రోల్ముసెట్స్’ అనే అంటాను, ముందు ‘డాక్టర్’ వేసి. ‘ఎట్స్’ అంటే ఏమిటో ముందుమాటలో చెప్పుకుందాం.